అన్నయ్య బేసు

జకరయ్య గొంతు గురించి ముందు చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథకు తలా తోకా ఉండదు.

నరసాపురం రేవు వీధిలో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. ఎక్కడో అడుగు నుంచి వచ్చేది. ఆయన అరుగు మీద కూర్చుని కాసిని మంచినీళ్ళు అడిగితే లోపల అలమారాలో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. చర్చిలో ఆ గొంతుకు ఒక ఉద్యోగం కూడా ఉండేది. పాత హార్మోనియం పాడైన ఏడాది, ఆదివారం మొదటి పాటకు ముందు జకరయ్య కళ్ళు మూసుకుని, కింది షడ్జమం పట్టి ‘ఊఁ’ అన్నాడు. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ దానికే శ్రుతి చేసుకున్నారు. తర్వాత కొత్త కీబోర్డు వచ్చింది గానీ పద్ధతి మాత్రం మారలేదు. కీబోర్డునే ఆయన గొంతుకు సరిచేసుకునేవారు. జలుబు చేసిన రోజుల్లో ఆయన అరమెట్టు దిగిపోయేవాడు, చర్చి మొత్తం ఆయనతోపాటు దిగేది, ఎవరికీ పట్టింపు ఉండేది కాదు.

‘ఊఁ’ పట్టడం అయ్యాక బేస్ గిటార్ మెళ్ళో వేసుకునేవాడు. పక్క కుర్చీలో మామూలు గిటారుతో చెల్లెలు హెప్సిబా. అలా ముప్ఫై ఏళ్ళు. ఆయనకు యాభై తొమ్మిది, ఆమెకు నలభై ఎనిమిది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. కారణాలు వేరువేరు, వాటితో మనకు పని లేదు. హెప్సిబా ఇంటి ముందు గదిలో మైకులు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తుంది. పెళ్ళివారి మైకైనా, పార్టీ ఆఫీసు మైకైనా నోరు పోయిందంటే ఆవిడ బల్ల మీదికి రావలసిందే. పని చేసుకుంటున్నంతసేపూ జకరయ్య ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. పేపర్లో చదివినవి, వీధిలో విన్నవి, నలభై ఏళ్ళ కిందటివి. ఆవిడ విసుక్కునేది, వినేది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే, ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు.

ఒక వేసవిలో జకరయ్యకు పక్షవాతం తగిలింది. కాలు పదిరోజుల్లో కోలుకుంది. మాట అసలు చెడలేదు. ఎడమచేతి వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. తీగ నొక్కవలసినవి ఆ వేళ్ళే. అయినా ప్రతి ఆదివారం బేస్ గిటార్ మెళ్ళో వేసుకుని తన కుర్చీలో కూర్చునేవాడు. వైరు తగిలించేవాడు కాదు. కుడిచేత్తో ఊరికే మీటేవాడు, ఆ చిన్న చప్పుడు పక్కనున్న చెల్లెలికి తప్ప ఎవరికీ వినపడేది కాదు.

గాయక బృందానికి పెద్ద దైవసహాయం మాస్టారు. మంచివాడే, కానీ పాట పలచబడితే ఆయనకు అన్నం సహించదు. పాలకొల్లు నుంచి ఒక బేస్ వాయించేవాణ్ణి పిలుద్దామన్నాడు. పిలిస్తే అతనికి కుర్చీ కావాలి. గిటార్లవాళ్ళ చోట ఉన్నవి రెండే కుర్చీలు.

హెప్సిబా వెంటనే, ఆలోచించుకోకుండా, ఎవర్నీ పిలవక్కర్లేదంది. బేసు కూడా తన గిటారులోంచే తెప్పిస్తానంది. అన్నయ్య కుర్చీ అన్నయ్యదేనంది.

అనడం సులువు. గిటారు స్వరాన్ని కిందికి దించే పెడల్స్ బజారులో దొరుకుతాయి, రెండు తెప్పించి చూసింది. మొదటిది, రెండు తీగలు కలిపి మీటితే చాలు, తికమకపడి బురబురలాడేది. రెండోది బాగానే దించేది గానీ ఒక్క లిప్త వెనకబడేది, అది పాటను వెనక్కి లాగేది. పైగా ఆ కింది స్వరం బయటికి రావాలంటే పెద్ద స్పీకర్లు పెట్టాలి. అంతకుముందొకసారి పండగకు అలాంటివి తెచ్చిపెడితే, నూరేళ్ళ సున్నపు గోడ పెచ్చులూడి పాస్టరుగారి బైబిలు మీద పడింది. అప్పట్నుంచి చర్చి గోడలకు అరచేతంత స్పీకర్లే.

జవాబు ఫోన్లో దొరికింది. బజారుకెళ్ళిన జకరయ్య, చింతచిగురు తేనా మామిడికాయలు తేనా అని ఫోన్ చేశాడు. హెప్సిబా వింటూ వింటూ ఆగిపోయింది. ఈ బుల్లి ఫోను అంత లోతు గొంతును మొయ్యలేదు. అది ఆమెకు తెలుసు, అదే ఆమె పని. అవతల్నుంచి వచ్చేవి ఆ గొంతులోని పైమెట్లు, అంటే అసలు స్వరంతోపాటు దానిపైన సన్నగా మోగే స్వరాలు, అవి మాత్రమే. మరి అడుగుమెట్టు ఎక్కడ్నుంచి వినిపిస్తోంది? పైమెట్లను చూసి, కింద ఇలాంటిది ఒకటి ఉండి తీరాలని తలే కట్టుకుంటోంది. అలాంటప్పుడు బేసును పంపించడమెందుకు? దాని పైమెట్లు మాత్రం సరిగ్గా పంపిస్తే విన్నవాళ్ళ తలలోనే బేసు మోగుతుంది. గోడలు కదలవు. చింతచిగురు సంగతి మరిచిపోయి ఫోన్ పెట్టేసింది. ఆయన రెండూ తెచ్చాడు.

ఇక గిటారు మోతలోంచి ఆ పైమెట్లు పుట్టించే పెట్టె తయారుచేయడం మొదలైంది. ఏ మెట్టు ఎంత పాళ్ళలో ఉంటే తల నమ్ముతుందో తేల్చుకోవడానికి ఒక నమూనా కావాలి. ఇంకొకరైతే మీటరు పెట్టి, అంకెలు చూసి సరిచేసుకునేవారు. హెప్సిబా జకరయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి, ‘ఊఁ’ పట్టమంది. శ్రుతి అంటే ఆమెకు తెలిసింది అదొక్కటే. ఆ చర్చిలో పెరిగినవాళ్ళు ఎవరైనా అదే చేసేవారు. ఆమె చేసిన తప్పు కూడా అదే.

ఆ తర్వాత ఆరునెలల పాటు రోజూ పొద్దున్న నాలుగేసి గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. ఒకసారి అన్నయ్య ‘ఊఁ’, ఒకసారి పెట్టె. మళ్ళీ ‘ఊఁ’, మళ్ళీ పెట్టె. తేడా తెలిసినప్పుడల్లా ఒక స్క్రూ తిప్పడం. నవంబరు చివర్లో ఒకరోజు ఏది అన్నయ్యో ఏది పెట్టో ఆమెకే తెలియలేదు. ఎగిరి గంతేసినంత పనిచేసింది.

క్రిస్మస్ నెల మొదటి ఆదివారం చర్చిలో ఆ పెట్టె మోగింది. అరచేతంత స్పీకర్లలోంచి, గిటారు కింద, నిండుగా, గుండెల్లో చెయ్యి పెట్టినట్టు బేసు వచ్చింది. ముసలమ్మలు వెనక్కి తిరిగి చూశారు. దైవసహాయం మాస్టారు తాళం వెయ్యడం మరిచిపోయాడు. జకరయ్య వైరులేని గిటారు మీద కుడిచెయ్యి ఆన్చి కదలకుండా కూర్చున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు, “నేను వాయించినట్టే ఉందే అమ్మాయ్,” అన్నాడు. “నేను లేకపోయినా.”

హెప్సిబాకు ఆ రెండో ముక్క పట్టలేదు. మొదటిదానికే పొంగిపోయింది.

తర్వాతి వారంలో ఒక పొద్దున వంటింట్లో ఉప్మాకు నీళ్ళు పోస్తుంటే వెనకనుంచి బేస్ తీగ మోగింది. మూడో తీగ, పొడుగ్గా, తియ్యగా. అన్నయ్య గిటారుకు వైరు తగిలించాడేమోనని సంబరంగా తిరిగింది. జకరయ్య గుమ్మంలో ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. మీసాల కింద పెదవులు కదులుతున్నాయి. మోగుతున్నది ఆయన మాట.

ఏమన్నావని అడిగింది. మళ్ళీ తీగ మోగింది. ఆయన పంచదార డబ్బా వైపు చెయ్యి చూపించాక గానీ విషయం అర్థం కాలేదు. డబ్బా అందించింది. ఆరోజు మధ్యాహ్నానికి మూడో తీగ, సాయంత్రానికి నాలుగో తీగ. మాట మాత్రం ఒక్కటీ లేదు.

భీమవరంలో చెవుల డాక్టరు పరీక్షలు చేసి రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయన్నాడు. మా అన్నయ్య మాటొక్కటే వినపడదండీ అంటే, చాలా ఇళ్ళల్లో ఉన్నదేనమ్మా అని నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి బల్ల దగ్గర తనే తేల్చుకుంది. పాస్టరుగారి మాట వినపడుతోంది, పాలవాడి మాట వినపడుతోంది. అన్నయ్య మాటను రికార్డు చేసి వింటే అక్కడా తీగే. ఆరునెలలు ఆ గొంతు మెట్లన్నిటినీ కలిపి ఒక్క బేసు స్వరంగా మడతపెట్టడం తలకు నేర్పింది తనే. అది నేర్చుకుంది. ఇప్పుడు ఆ గొంతు ఎక్కడ తగిలినా మడతపెట్టేస్తోంది, లోపలున్న మాటలతో సహా. ఇది మరిచిపోవాలంటే తల ఆ పెట్టెనూ వినకూడదు, ఆ గొంతునూ వినకూడదు. ఎన్నాళ్ళు? తెలియదు.

అన్నయ్యకు చెప్పలేదు. చెబితే ఆ క్షణం నుంచి నోరు విప్పడని తెలుసు. చెయ్యి పోయిన మనిషికి మిగిలింది గొంతు. అది కూడా నావల్ల నా వరకు పోయింది అన్నయ్యా అని ఎలా చెప్పడం? నోరు రాలేదు. సిగ్గు, భయం, రెండూ ఉన్నాయి.

అందుకని నటించడం మొదలుపెట్టింది. పెట్టె ఆపితే కారణం చెప్పాలి, అందుకే చర్చిలో దాన్నీ మోగిస్తూనే ఉంది. ఆయన ఏ వేళకు ఏమడుగుతాడో ముప్ఫై ఏళ్ళ అలవాటు. పొద్దున్నైతే పేపరు, పదకొండింటికి మజ్జిగ, పడుకునే ముందు మాత్ర. చెయ్యి ఎటు చూపిస్తే అది అందించేది. మిగతా అన్నిటికీ ఒకటే జవాబు, “సరే అన్నయ్యా.” ఆయన ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే ఆమె సోల్డరింగ్ పొగలోకి తలవంచి, మధ్యమధ్య నవ్వేది. ఒక్కోసారి నవ్వకూడని చోట నవ్వేది కాబోలు, తీగ ఠక్కున ఆగిపోయేది. మనిషి ఎదురుగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఇల్లు మాత్రం ఖాళీగా ఉంది. నలభై ఎనిమిదేళ్ళలో హెప్సిబా అంత ఒంటరిగా ఎన్నడూ లేదు. విచిత్రం ఏమిటంటే ఆ తీగ మోత ఎంత అందంగా ఉండేదంటే, వింటూ ఏడుపు ఆపుకోవలసి వచ్చేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం జకరయ్య కుర్చీని బల్లకు దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. తీగ దిగింది, ఆగింది, మళ్ళీ దిగింది. చివర్లో కొంచెం పైకి లేచి ఆగిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. అది ప్రశ్న అని తెలిసింది. ఏం ప్రశ్నో తెలియలేదు.

“సరే అన్నయ్యా. నీ ఇష్టం,” అంది.

 ఆయన కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు. తలూపి లేచి వెళ్ళాడు.

ఆ శనివారం పొద్దున ఆమె బల్ల దగ్గరుండగా వచ్చి తల మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. దానికీ సరే అంది.

సాయంత్రం చర్చిలో సాధన. హెప్సిబా నాలుగింటికే వెళ్ళింది. దైవసహాయం మాస్టారు మంచి హుషారుగా ఉన్నాడు. ఈస్టరు సభలకు చుట్టుపక్కల చర్చిలవాళ్ళంతా పెట్టె అడుగుతున్నారట, పది చెయ్యగలవా అన్నాడు. ఇంట్లో సాధనకని అడిగి చేయించుకున్న రెండో పెట్టె ఆయన దగ్గరే ఉంది, జనవరి నుంచి రోజూ దానితోనే పాడుకుంటున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక చెవి రుద్దుకుంటూ అన్నాడు:

“వయసు మీద పడుతున్నట్టుందమ్మా. మీ అన్నయ్య ప్రార్థన చేస్తుంటే ఈమధ్య నాకు తీగ మోగినట్టుంటోంది. మాట పట్టుకోవడం కష్టంగా ఉంది.”

హెప్సిబా చేతిలోని వైరు కింద పెట్టేసింది. ఏదో అనబోయేలోపు ఆయనే అందుకున్నాడు. “అయినా ఇక ఆ గొంతు మనకెక్కడిదిలే. ఇవాళ పొద్దున సెలవు తీసుకోడానికి మా ఇంటికొచ్చాడు. రెండుమూడుసార్లు అడిగితే గానీ అర్థంకాలేదు నాకు. గోదారవతల సఖినేటిపల్లి వృద్ధాశ్రమంలో ఉంటానంటాడు, నాలుగున్నర పంటుకి రేవు దాటి వెళ్తానంటాడు. అదేంటయ్యా, చెల్లెల్ని అడిగావా అన్నాను. అడిగాను, సరే నీ ఇష్టం అంది అన్నాడు. నువ్వు ఒప్పుకున్నావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.”

గోడ మీద గడియారం నాలుగూ పాతిక చూపిస్తోంది. ఆ రెండో పెట్టెను ముట్టుకోవద్దని, వైర్లన్నీ పీకేయమని మాస్టారుకు చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు పరుగెత్తింది. వీధిలో అందరూ చూశారు. చూస్తే చూశారు.

పంటు అప్పటికే గొలుసు విప్పుకుంటోంది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, బుట్టలవాళ్ళు, వాళ్ళ మధ్య రేకు పెట్టె మీద జకరయ్య. పక్కన సంచీలో బేస్ గిటార్. హెప్సిబా ఒడ్డుకూ పంటుకూ మధ్య నీళ్ళు కనిపిస్తుండగానే దూకేసింది. ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు, ఎవరో తిట్టారు.

ఆయన లేచి నిలబడ్డాడు. నాలుగో తీగ మోగింది, గట్టిగా.

“అన్నయ్యా, నాకు వినపడదు,” అంది ఆమె. “నీ మాట ఒక్కటీ నాకు వినపడదు. నువ్వు మాట్లాడితే బేసు మోగుతుంది. అంతే.”

 ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు, సంచీలోంచి పాటల కాగితం ఒకటి తీసి వెనక్కి తిప్పాడు. కుడిచెయ్యి మంచిదే కదా. రేకు పెట్టె మీద పెట్టుకుని రాశాడు. *ఎప్పట్నుంచి?*

క్రిస్మస్ ముందు నుంచి అని చెప్పింది. పెట్టె సంగతి, ‘ఊఁ’ సంగతి, ఆరునెలల సంగతి, డాక్టరు సంగతి, అన్నీ పంటు మోతలో అరుస్తూ చెప్పింది. ఆయన మళ్ళీ రాశాడు. *మొన్న నేనడిగింది?*

“వినలేదు.”

ఆయన కిందనే ఇంకో రెండు వరుసలు రాశాడు. తర్వాత కాగితం ఆమె చేతికిచ్చాడు. *నా బేసు కూడా నువ్వే వాయిస్తున్నావు. ఇంక నా కుర్చీ నీకు అడ్డమేమో, నేను పోయి ఆశ్రమంలో ఉండనా అని అడిగాను.*

చదివింది. మళ్ళీ చదివింది. ఆ కుర్చీ కోసమే కదా ఇదంతా చేసింది. దానికి తనేం జవాబు చెప్పిందో గుర్తొచ్చి, అంతమంది ముందు, కొబ్బరికాయల ఆటో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. జకరయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఛాతీలోంచి తీగ ముక్కలు ముక్కలుగా మోగింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చూస్తే గానీ తెలియలేదు. రెండూ.

అవతలి ఒడ్డు వచ్చింది. అందరూ దిగారు. వీళ్ళు దిగలేదు. పంటువాడు అడిగితే తిరిగి వెళ్తామని హెప్సిబా చెప్పింది.

పంటు వెనక్కి తిరిగాక మిగిలింది కూడా చెప్పింది. పెట్టెలు రెండూ విప్పేస్తానంది. తల ఈ పాఠం మరిచిపోవాలంటే ఆ గొంతు చెవిన పడకూడదని, ఏడాదో రెండేళ్ళో పట్టొచ్చని, అసలు తిరిగి రాకపోవచ్చని చెప్పింది. ఆయన విని, కాగితం ఇటివ్వమని చెయ్యి చాపాడు. *అయితే ఆశ్రమమే మేలు కదా? అక్కడుంటే నీ చెవిన పడను.*

లెక్కప్రకారం ఆయన అన్నది నిజం. ఆమె మందు ఆ ఒడ్డునే ఉంది, ఇప్పుడే వదిలేసి వచ్చారు. హెప్సిబా నీళ్ళవైపు చూసింది. మూడు నెలలుగా ఆయన ప్రతి మాటకూ సరే అంటూ వచ్చిన నోరు.

“వద్దు,” అంది. “ఇంట్లోనే ఉండు. నాతో మాట్లాడకుండా ఉండు.”

జకరయ్య తలూపాడు. తర్వాత, గోదారి నడిమధ్యలో ఉండగా, నోరు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె వారించబోతే వేలు చూపి ఆపాడు. చాలాసేపు మాట్లాడాడు. తీగ కిందికి దిగింది, ఒకచోట చాలాసేపు నిలిచింది, సన్నగా లేచింది, మళ్ళీ దిగి ఆగిపోయింది. అంత బాగా ఆయన గిటారు మీద కూడా ఎప్పుడూ వాయించలేదు. ఏమన్నావో రాయి అన్నయ్యా అని కాగితం ముందు పెట్టింది. ఆయన ఒక్క ముక్కే రాసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. *నీకు వినపడిన రోజున మళ్ళీ చెప్తాను.*

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. మాస్టారు చెవి నాలుగు నెలల్లో బాగుపడింది. ఆయన విన్నది తక్కువ. చర్చిలో ఇప్పుడు బేసు లేదు, కుర్చీలు రెండూ ఉన్నాయి. ఆదివారం జకరయ్య ‘ఊఁ’ పట్టేటప్పుడు హెప్సిబా బయటికెళ్ళి, ముగిశాక లోపలికి వచ్చి గిటారు అందుకుంటుంది. ఇంట్లో వాళ్ళు పలక మీద రాసుకుంటారు. కానీ పలక మీద కబుర్లు చెప్పుకోవడం కుదరదు. పేపర్లో చదివినవీ, నలభై ఏళ్ళ కిందటివీ ఎవరు రాస్తారు? సాయంత్రాలు ఆయన వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గరికి పోయి మాట్లాడుకుంటాడు. ఆమె బల్ల దగ్గర్నుంచి చూస్తుంది. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటాడు, అక్కడున్నవాళ్ళు పడిపడి నవ్వుతుంటారు. ఆ మాటలు ఊళ్ళో అందరికీ ఉన్నాయి, ఆమెకు తప్ప. ఒక్కోసారి సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టేసి ఊరికే కూర్చుంటుంది.

నెలకొక్కసారి, ఒకటో తారీకు పొద్దున, ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ఒక్క మాట అంటాడు. ఒక్కటే, ఒక్కసారే. తల మరిచిపోయిందో లేదో చూసుకోడానికి అలా ఒప్పందం.

మొన్న ఒకటో తారీకున అన్నాడు. తీగ మోగింది, మూడోది. ఎప్పటిలా పొడుగ్గా సాగింది. ఆగిపోయేచోట మాత్రం ఏదో గరుకుగా తగిలింది, మాట అంచులాంటిది. హెప్సిబా ముందుకు వంగింది. ఆయన కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి, ఎంత ఆశగా ఉన్నాయంటే, సరే అన్నయ్యా అనేస్తే చాలు, ఆ ముఖం వెలిగిపోయేది.

“వినపడలేదన్నయ్యా,” అంది. “ఇంకొక్కసారి అను.”

ఆయన తల అడ్డంగా ఊపాడు, లేచి, గోడమీది క్యాలెండరులో వచ్చేనెల ఒకటో తారీకు మీద వేలు పెట్టి చూపించాడు.